ధనుష్కోడి పాడుబడ్డ చర్చి ఫొటోలకి కాంట్రాస్ట్ ఎంత పెట్టాలి?

ప్రశ్న: రామేశ్వరం దగ్గరి ధనుష్కోడిలో చర్చి శిథిలాల ఫొటోలు తీశాను. మూడీగా, అంటే దిగులు నిండినట్టు రావాలని లైట్‌రూమ్‌లో (ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్) కాంట్రాస్ట్ ప్లస్ 60 పెడితే గోడలు బొగ్గులా, ఆకాశం తెల్ల కాగితంలా అయిపోతున్నాయి. ఎంత పెట్టాలి?

సున్నా పెట్టండి. మైనస్ 10 పెట్టినా తప్పులేదు.

అక్కడ కావలసినంత కాంట్రాస్ట్ ఎండే ఇచ్చేసింది. చీకటి పడేలోగా జనాన్ని వెనక్కి పంపేస్తారు కాబట్టి ధనుష్కోడి ఫొటోలు దాదాపు అన్నీ పగటి ఎండలో తీసినవే. చర్చికి పైకప్పు లేదు, చుట్టూ ఇసుక. గుమ్మంలోంచి కనిపించే ఆకాశానికీ, లోపలి గోడ నీడకీ నాలుగైదు స్టాపుల తేడా (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు) ఉండటం మామూలే. కాంట్రాస్ట్ స్లైడర్ చేసే పనల్లా లేతగా ఉన్నదాన్ని ఇంకా లేతగా, ముదురుగా ఉన్నదాన్ని ఇంకా ముదురుగా తొయ్యడం. మీ ఫొటోలో చూడాల్సిన సరుకంతా నీడలో ఉన్న గోడలోనే ఉంది. స్లైడర్ జరిపితే ముందు మునిగేది అదే.

ఒకసారి ఆ గోడని 100 శాతం జూమ్‌లో చూడండి. అవి పగడపు రాళ్లు. రాయి నిండా సన్నటి రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో పై అంచు కింద చిటికెడు నీడ, కింది అంచు మీద సన్నటి వెలుగు. 1964 డిసెంబర్ 22 అర్ధరాత్రి వచ్చిన తుపాను ఊరినీ, పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజర్ రైలునీ ముంచేశాక నిలబడినవి ఇలాంటి కొన్ని గోడలే. ఆ రంధ్రాలు విడివిడిగా కనబడినప్పుడే ఉప్పుగాలి ఇన్నేళ్లుగా ఆ రాతిని తింటోందని చూసేవాళ్లకి తెలుస్తుంది. గోడని నల్లటి ముద్ద చేశాక అది ధనుష్కోడి అయినా ఒకటే, ఊరి చివర కూలిన రైస్‌మిల్లు అయినా ఒకటే.

కాబట్టి ఫొటో మొత్తానికి కాంట్రాస్ట్ పెంచకూడదు. ఆకాశం దగ్గరా, కటిక నలుపు దగ్గరా కొంత తగ్గించి, ఆ మిగిలింది గోడకి ఇవ్వాలి. దానికి టోన్ కర్వే, అంటే నలుపు నుంచి తెలుపు దాకా ఒక్కో వెలుగు స్థాయిని విడిగా మార్చుకునే గీతే, సరైన పనిముట్టు. కర్వ్ ఎక్కడ నిటారుగా లేస్తే అక్కడి టోన్ల మధ్య తేడా పెరుగుతుంది, ఎక్కడ చదునుగా పడితే అక్కడ తగ్గుతుంది.

ముందు ప్రొఫైల్ (ఫొటోకి సాఫ్ట్‌వేర్ మొదట ఇచ్చే రంగుల తీరు) మార్చండి. మామూలుగా ఉండే అడోబ్ కలర్‌లోనే కొంత కాంట్రాస్ట్ కలిసి వస్తుంది, అడోబ్ న్యూట్రల్ పెడితే ఫొటో చప్పగా అయిపోతుంది. కంగారుపడకండి, మనకి కావలసింది ఆ చప్పదనమే. ఎక్స్‌పోజర్ మైనస్ 0.5, హైలైట్స్ మైనస్ 60 దగ్గర మొదలుపెట్టండి. ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని బ్లాక్స్ స్లైడర్ జరిపితే తెర అంతా తెల్లబడి, వివరం పోయిన చోట్లు మాత్రమే మచ్చలుగా కనబడతాయి. కిటికీ మూలల్లో, పగుళ్లలో రెండు మూడు చుక్కలు పడగానే ఆపేయండి.

ఇప్పుడు మౌస్‌ని గోడ మీద అటూ ఇటూ తిప్పుతూ హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు నీడల పంపకం చూపే గ్రాఫ్) కింద వచ్చే శాతాలు గమనించండి. గోడ 15 నుంచి 35 శాతం మధ్య ఉందనుకుందాం. కర్వ్‌లో నలుపు 0, తెలుపు 255 కాబట్టి ఆ లెక్కలో అది సుమారు 40 నుంచి 90. టోన్ కర్వ్‌లోనే ఉండే పాయింట్ కర్వ్‌లో 40ని 32కి దించండి, 90ని 98కి ఎత్తండి. రంధ్రాలు విచ్చుకోవడం అక్కడే కనబడుతుంది. నలుపు చివరని 0 నుంచి 12కి లేపితే నీడలు పొగచూరినట్టు మెత్తబడతాయి. 20 దాటిస్తే మాత్రం ఫొటో వెలిసిపోయినట్టు ఉంటుంది. పై భాగంలో 200ని 195 దగ్గర ఆపితే ఇసుక అదుపులో ఉంటుంది.

అంచుల్ని గట్టిగా చూపే క్లారిటీ స్లైడర్ విషయంలో అందరూ చేసే తప్పొకటుంది. దాన్ని ఫొటో మొత్తానికి ప్లస్ 50 లాగితే గోడ పైఅంచు ఆకాశాన్ని తాకే చోట తెల్లటి గీత లేస్తుంది, కత్తిరించి అతికించినట్టు. గోడ వరకే మాస్క్ వేసి (ఆ భాగాన్ని మాత్రమే ఎంచుకుని) టెక్స్చర్ ప్లస్ 25, క్లారిటీ 10 లోపు పెట్టండి. ఆకాశానికి విడిగా మాస్క్ వేసి డీహేజ్ (మసక తీసేసే స్లైడర్) ప్లస్ 10, అంతకంటే వద్దు. నీలం ముదరాలని కలర్ మిక్సర్‌లో బ్లూ ల్యూమినెన్స్‌ని (నీలం రంగు వెలుగుని) మైనస్ 60కి దించినా ఇలాగే అంచులు చెడతాయి, పైగా ఆకాశంలో గింజలు లేస్తాయి. కర్వ్ నిటారైనప్పుడు రంగులు కూడా చిక్కబడతాయి కాబట్టి శాచురేషన్ 10, 15 తగ్గించండి. లేకపోతే రాయి నారింజ రంగుకి తిరిగి ఫొటో టూరిజం పోస్టరులా తయారవుతుంది.

ఇదంతా రా ఫైల్ (కెమెరా కుదించకుండా ఇచ్చే ముడి ఫైల్) ఉంటేనే. 14 బిట్ రాలో ఒక్కో రంగుకి 16,384 మెట్లు ఉంటాయి, జేపెగ్‌లో 256. జేపెగ్ మీద ఇంత నిటారు కర్వ్ వేస్తే ఆకాశం చారలు చారలుగా విడిపోతుంది. ఫోన్‌తో తీసేవాళ్లకి ఇంకో చిక్కుంది. ఫోన్ తనంతట తానే హెచ్‌డీఆర్ (కొన్ని షాట్లు కలిపి వెలుగు నీడల్ని సమం చేయడం) చేసి నీడలు లేపేసి, పదును కూడా పెట్టేస్తుంది. దాని మీద మళ్లీ టెక్స్చర్ పెడితే పగడపు రాయి గరుకు కాగితంలా మారుతుంది. ప్రో మోడ్‌లో రా ఆన్ చేసుకుని తీయండి.

ఇక మూడీ ప్రీసెట్లు, అంటే ఒక్క నొక్కుతో వేసే రెడీమేడ్ సెట్టింగులు. డబ్బు పెట్టి కొనకండి. వాటిలో చాలావరకు మబ్బు పట్టిన అడవులకీ, వాన వెలుతురుకీ తయారుచేసినవి. అక్కడ వెలుతురు మెత్తగా ఉంటుంది కాబట్టి కాంట్రాస్ట్ బయటినుంచి కలపాలి. రామేశ్వరం ఎండకి అదే మందు వేస్తే మీరు చూసిన బొగ్గే వస్తుంది.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. దెయ్యాల ఊరు అని పేరు పెట్టడం కోసం ఫ్రేములో ఉన్న వలల్నీ, తాటాకు గుడిసెల్నీ చెరిపేయడమో, నలుపులో ముంచేయడమో చేస్తున్నారు. అక్కడ ఇప్పటికీ జాలరి కుటుంబాలు బతుకుతున్నాయి. దయచేసి అలా చేయకండి. ఎండబెట్టిన వలకి చిన్న రేడియల్ మాస్క్ వేసి ఎక్స్‌పోజర్ ప్లస్ 0.3 ఇవ్వండి. పక్కన ఆ కాస్త వెలుగు ఉంటే గోడని అంతగా నల్లబరచకుండానే అది ముదురుగా కనబడుతుంది.

చివర్లో ఎస్‌ఆర్‌జీబీలో (ఫోన్లు, వెబ్ మామూలుగా వాడే రంగుల ప్రమాణం) ఎక్స్‌పోర్ట్ చేసి, ఫోన్ బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి చూడండి. చీకటి గదిలో, మానిటర్ వెలుగు పూర్తిగా పెంచి ఎడిట్ చేసినవి ఇక్కడే దొరికిపోతాయి. రంధ్రాలు కనబడకపోతే కర్వ్‌లో 32ని 36 చేసి మళ్లీ చూడండి.