హౌసింగ్‌లో సింథటిక్ పోయొచ్చా?

ప్రశ్న: మేస్త్రి గారూ, మాది పది టైర్ల లారీ. చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకి గ్రానైట్ బ్లాకులు తోలతాం. బండితో వచ్చిన పుస్తకంలో వెనక హౌసింగ్‌కి (వెనక ఇరుసు మధ్య పళ్లచక్రాలుండే పెట్టె) 85డబ్ల్యూ-140 ఆయిల్ అని ఉంది. షాపువాడేమో 75డబ్ల్యూ-90 సింథటిక్ పొయ్యమంటున్నాడు, డీజిల్ కలిసొస్తుందట. గేర్‌బాక్సులోకీ అదే సరిపోతుందట. ధర వింటేనే టెన్షన్‌గా ఉంది. పైగా ఈమధ్య హౌసింగ్ పినియన్ సీలు (ఆయిల్ కారకుండా ఆపే రింగు) దగ్గర ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?
– ఓ లారీ ఓనరు, చీమకుర్తి

జవాబు: తమ్ముడూ, ఆయిల్ సంగతి తర్వాత, ముందు ఆ చెమ్మ చూడు. హౌసింగ్ పైన లోపలి గాలి బయటికి పోయే చిన్న బ్రీదర్ ఉంటుంది. క్వారీ దుమ్ముకి అది మూసుకుపోతే లోపల వేడెక్కిన గాలికి దారి ఉండదు, ఆయిల్‌ని సీలు మీదికి తోస్తుంది. అప్పుడు ఎన్ని సీళ్లు మార్చినా కారుతూనే ఉంటుంది. బ్రీదర్ విప్పి డీజిల్‌తో కడిగించు. అయినా తగ్గకపోతే సీలుతో పాటు పినియన్ బేరింగు లూజు కూడా చూపించు.

ఇక నంబర్లు. 75డబ్ల్యూ అంటే మైనస్ 40 డిగ్రీల చలిలోనూ ఆయిల్ కదులుతుందని. లంబసింగిలో కూడా ఆ అవసరం రాదు, చీమకుర్తిలో ఎందుకు? మనకి ముఖ్యం రెండో నంబరు. అది 100 డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనం చెబుతుంది. 90 రకం 13.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) దగ్గర మొదలైతే, 140 రకం 24 దగ్గర మొదలవుతుంది. హౌసింగ్‌లో క్రౌన్, పినియన్ అనే రెండు చక్రాల పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి. బరువు మీద నెమ్మదిగా వెళ్లే బండిలో ఆ పళ్ల మధ్య ఆయిల్ పొర నిలవాలి. (లోడు పుస్తకంలో రాసినంతే వేస్తున్నావంటే నేను నమ్మను లే.) హైవే మీద ఒకే స్పీడులో పోయే పార్సిల్ లారీకి పల్చటి ఆయిల్‌తో కాస్త డీజిల్ మిగిలే మాట నిజమే. నీకు మాత్రం క్రౌన్ సెట్టు ఖర్చు ముందు ఆ మిగులు ఏపాటి?

సింథటిక్ చెడ్డదని కాదు. వేడికి త్వరగా పాడవదు, ఎక్కువ కిలోమీటర్లు నడుస్తుంది. కావాలంటే 140లోనే సింథటిక్ దొరుకుతుంది. డబ్బా మీద జీఎల్-5 (ఎక్కువ ఒత్తిడి పడే పళ్లకి వాడే ఆయిల్ రకం) అని, మీ బండి కంపెనీ ఒప్పుకున్న స్పెసిఫికేషన్ ఉందని చూసుకుని కొను. కానీ మామూలు ఆయిల్ మార్చే కిలోమీటర్ల లెక్క ప్రకారమే దాన్నీ మార్చేస్తే డబ్బు దండగ. నన్నడిగితే, నీ బండికి మంచి మినరల్ (సింథటిక్ కాని మామూలు) 85డబ్ల్యూ-140 టైముకి మారుస్తూ ఉంటే చాలు.

గేర్‌బాక్సులో మాత్రం పుస్తకం చెప్పనిదే జీఎల్-5 పొయ్యకు. అందులోని గంధకం మందులు చాలా బాక్సుల్లో గేరు మెత్తగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తాయి.

బండి తిరిగొచ్చిన వేడి మీదే, సమంగా ఉన్న చోట ఆయిల్ దించు. డ్రెయిన్ నట్టు అయస్కాంతానికి కాటుకలాంటి మడ్డి అంటుకుంటే పర్వాలేదు. గోరుకి తగిలే ముక్కలుంటే కొత్త ఆయిల్ కొనకముందే హౌసింగ్ విప్పించు.