పేరంటం సాయంత్రం పొయ్యి వెలిగించకు

అమ్మడూ,

ఈసారి భోగికి మీ ఫ్లాట్‌లో బొమ్మల కొలువు పెట్టి, పాపకు భోగిపళ్ళు పోసి, ముప్పై మందిని పేరంటానికి పిలుస్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. నువ్వు వేసుకున్న వంటల జాబితా కూడా ఫోనులో చదివి వినిపించింది. గారెలు, బొబ్బట్లు, అరిసెలు, పులిహోర... చక్రపొంగలి దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమూ వేసింది.

నా మొదటి పేరంటం సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మీ అన్నయ్యకు అప్పుడు రెండేళ్ళు. వచ్చినవాళ్ళకు వేడి వేడి గారెలే పెట్టాలని నాకు పంతం. వాడిని పీట మీద కూర్చోబెట్టాం, రమ్మని ముందు గదిలోంచి కేక వినిపించింది. బాణలిలో ఆరు గారెలు వేగుతున్నాయి. ఈ వాయి తీసేసి వెళదామనుకున్నాను. తీస్తుండగానే రేగుపళ్ళు నేల మీద దొర్లిన చప్పుడు, పిల్లల గోల. నేను చేతులు తుడుచుకుని వెళ్ళేసరికి వాడి జుట్టులో ఒక బంతిపూరేకు ఉంది, అంతే. గారెలు బ్రహ్మాండంగా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఇప్పటికీ నాకు రుచించదు.

కాబట్టి గారెలు కొట్టెయ్. అరిసెలు కొనుక్కో. తడిపిండి ఆరకుండా, పాకం ముదరకుండా చూసుకోవడం పసిపిల్లను చంకలో పెట్టుకుని చేసే పని కాదు. బొబ్బట్లూ అంతే. నీ చేతి వంటగా పులిహోర ఒక్కటి చాలు. ముప్పై మందికి దొన్నెలో పెట్టి ఇవ్వడానికి కిలోన్నర బియ్యం సరిపోతుంది. కిలోకు వంద గ్రాముల చింతపండు లెక్కన గుజ్జు తీసి, ముందురోజు రాత్రే పచ్చిమిరపకాయలు, పసుపు, ఉప్పు, నూనె వేసి ఉడికించి పెట్టుకో. భోగినాడు మధ్యాహ్నం అన్నం వార్చి పళ్ళెంలో ఆరబోసి కలిపేయడమే. కలిపాక రెండు మూడు గంటలు ఊరితేనే పులిహోరకు రుచి, అది నీకే లాభం. శనగలు ముందురోజు రాత్రి నానబెట్టు. రెండు కిలోలు నానితే ఇంచుమించు నాలుగవుతాయి. తాంబూలాల్లోకి మూడు కిలోలు తీసి, మిగిలినవి ఉడికించి తాలింపు వేస్తే గుగ్గిళ్ళు. సాయంత్రం టీ పని అల్లుడు గారిది. మొహమాటపడకుండా ముందే చెప్పు.

వేళ గురించి. సాయంత్రం ఆరున్నరకు అనుకుంటున్నావట. పాప ఏడు దాటితే నిద్రకు పేచీ పెడుతుందని నువ్వే అన్నావు కదా. అయిదింటికి పిలువు. వచ్చేవాళ్ళు ఎలాగూ అయిదున్నరకు గానీ రారు.

భోగిపళ్ళ దగ్గర మాత్రం నా చాదస్తం భరించాలి. పాపకు ఏడాదిన్నర, చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. రేగుపండులో గింజ, రూపాయి నాణెం, నానిన శనగ, అన్నీ గొంతుకు అడ్డం పడేవే. శనగలు కలపడం మానేయ్. చెరుకు చెక్కు తీసి ముక్కలు కొట్టించు, లేకపోతే అంచులు గీసుకుంటాయి. పూరేకులు ఎక్కువ వేసి, రేగుపళ్ళు, నాణేలు తగ్గించు. పీట కింద పెద్ద దుప్పటి పరిచి, పళ్ళు పోసి హారతి ఇవ్వగానే పాపను ఎత్తుకుని, దుప్పటి నాలుగు కొసలూ పట్టి మూటలా పక్కకు తీసేయండి. నాణేలు ఏరుకునే పెద్ద పిల్లలకు ఆ మూట వసారాలో విప్పితే వాళ్ళ పండగ వాళ్ళది. దిష్టి తీసిన పళ్ళు తినకూడదంటారు కాబట్టి తినడానికి వేరే పళ్ళు కడిగి ఉంచు.

కొలువుకు మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి. నీకు మూడు చాలు. సూట్‌కేసులు, అట్టపెట్టెలు పేర్చి పైన మీ ఆయన తెల్ల పంచె పరిస్తే ఎవరికీ తెలియదు. మెట్లు రెండురోజుల ముందే కట్టి, బొమ్మలు భోగినాడు పొద్దున పెట్టు. దేవుళ్ళు పై మెట్టు మీద ఉంటారు, అది మామూలే. మట్టి బొమ్మలన్నీ కూడా పైకే ఎక్కించు. కింది మెట్టు పిల్లల చేతికి అందుతుంది, అక్కడ ఏటికొప్పాక లక్కపిడతలు, బొంగరాలు పెట్టు. అంకుడు కర్రతో చేసినవి, కింద పడ్డా ఏమీ కావు. కొండపల్లి బొమ్మలను తడిగుడ్డతో తుడవకు, రంగు పోతుంది. మెత్తని పొడి బ్రష్షు చాలు.

మీ అత్తగారి వైపు దసరాకే కొలువు, సంక్రాంతికి ఆనవాయితీ లేదని వెనకాడుతున్నావట. ఆవిడనే అడుగు. మొదటి బొమ్మ ఆవిడ చేతే పెట్టించు. అడిగితే కాదనే మనిషి కాదు.

పిలుపులు ఫోనులో చేసినా, మీ అంతస్తులో ఉన్న నాలుగిళ్ళకు మాత్రం కుంకుమ భరిణె పట్టుకుని వెళ్ళు. తాంబూలాలు మధ్యాహ్నమే సంచుల్లో సర్ది, లెక్కకు అయిదు ఎక్కువగా గుమ్మం దగ్గర బుట్టలో ఉంచు. రెండు తమలపాకులు, వక్క, అరటిపండు, శనగలు చాలు. రవికె గుడ్డలు వద్దు. నేనొకరికి ఇచ్చిన నెమలికంఠం రంగు గుడ్డ మూడేళ్ళకు ఇంకొకరి ఇంట్లో నా చేతికే వచ్చింది, మడత కూడా విప్పలేదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు నాలుగు కుర్చీలు వెయ్యి.

ఒక్క విషయం. తాతయ్య పోయినప్పటి నుంచి పేరంటమంటే అమ్మమ్మ లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటోంది. ఎవరో ఏదో అంటారని. మా ఇంట్లో నేను ఆ పద్ధతి ఎప్పుడో మానేశాను, నా స్నేహితురాళ్ళలో భర్త పోయినవాళ్ళందరికీ నేనే బొట్టు పెట్టి పిలుస్తాను. పాప తల మీద మొదటి దోసిలి అమ్మమ్మ చేత పోయించు. రానంటుంది. పాపను తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టి చెయ్యి పట్టుకుని తీసుకురా.

నా కొండపల్లి అంబారీ ఏనుగును మీ అమ్మతో పంపుతున్నాను. దానికి ఎడమ చెవి విరిగింది, అది మీ అన్నయ్య చలవే. ఆ వైపు గోడకు తిప్పి పెట్టు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ