బావమరిది సెట్ విన్నాక మా సెట్ నచ్చడం లేదు
(పాటలు - పరికరాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. బట్టల షాపు నడుపుతాను. ఆ మధ్య చీటీ డబ్బులు చేతికొస్తే ఒక ఆంప్లిఫైయరు, ఒక జత చిన్న స్పీకర్లు కొనుక్కున్నాను. మొత్తం 40 వేల దాకా అయింది. రాత్రి షాపు కట్టేసి వచ్చి కాసేపు పాటలు వింటే గానీ నాకు నిద్ర పట్టదు. పోయిన నెల అనంతపురంలో మా బావమరిది ఇంటికి పోయినప్పుడు, మేడ మీద గదిలో పెట్టుకున్న తన సెట్ వినిపించాడు. దానికి లక్షల్లో పోసినాడు. నేను ఏళ్ల తరబడి వింటున్న పాటే, అందులో వెనక తంబురా మోగుతోందని అక్కడే తెలిసింది. పాడే ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. అప్పటి నుంచి మా ఇంట్లో పాట పెడితే దుప్పటి కప్పి పాడించినట్టుంది, కాసేపటికే ఆపేస్తున్నాను. "బావా, అది అమ్మేయ్, మంచిది నేను చూసిపెడతా" అంటున్నాడు వాడు. అప్పు చేసైనా కొనమంటారా? లేకపోతే వినడమే మానుకోమంటారా?
- పేరు వేయొద్దన్న పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: రెండూ వద్దు. ముందు సెట్ అమ్మకండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. ఇలాంటి ఉత్తరాలు రాసేవాళ్లలో చాలామంది అప్పటికే అమ్మేసి రాస్తారు, అందుకే ఈ మాట మొదటే చెప్తున్నాను.

మీ సెట్ ఏమీ చెడిపోలేదు. పోయిన నెల దాకా మీకు హాయిగా నిద్ర పట్టించింది అదే. చెవి దేన్నీ విడిగా తూచదు, ఈమధ్య విన్నదాని పక్కన పెట్టి చూస్తుంది, ఆ విన్నది ఇంకా తాజాగా ఉన్నన్ని రోజులూ మీ స్పీకర్లు ఏం పాడినా తక్కువగానే అనిపిస్తుంది. ఇది కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఏ సెట్ అయినా రోజూ వింటూ ఉంటే చెవి దాని తీరుకు సర్దుకుంటుంది, అందులో హెచ్చుతగ్గులు క్రమంగా పట్టించుకోవడం మానేస్తుంది. మీరేమో కాసేపటికే ఆపేస్తున్నారు, దాంతో చెవికి సర్దుకునే అవకాశమే దొరకడం లేదు.

ఇంకో సంగతి. మీ బావమరిదిని ఒక మాట అడిగి చూడండి, మొదటి రోజు కలిగిన ఆనందం ఇప్పటికీ ఉందా అని. బ్రిక్‌మన్, క్యాంబెల్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1971లోనే దీని గురించి రాశారు. మనిషి ఎంత మంచిదానికైనా అలవాటు పడిపోతాడు, తృప్తి మళ్లీ పాత మట్టానికే దిగుతుంది, ఇంకాస్త కావాలనిపిస్తుంది అని. లక్షలు పెట్టినవాళ్లలో నేను చూసిన చాలామంది మరుసటి ఏడు కొనాల్సిన ఆంప్లిఫైయరు గురించే మాట్లాడుతుంటారు. కాబట్టి మీరు అక్కడ అనుభవించింది కొత్తదనం, ఆయన రోజూ అనుభవించేది కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ గదిలో మీకు నచ్చినదంతా సెట్టేనా? ఏ ఇంట్లోనైనా కొత్తవాళ్లకు వినిపించేటప్పుడు సౌండు కాస్త పెంచే పెడతారు. సౌండును కొలిచే లెక్కలో ఒక డెసిబెల్ పెరిగితే చెవికి అది "గట్టిగా ఉంది" అని తెలియదు, "బాగుంది" అని తెలుస్తుంది, స్పీకర్లు పోల్చి చూసేవాళ్లు రెంటి సౌండూ ముందు సమానం చేసేది ఇందుకే. పైగా తక్కువ సౌండులో మన చెవికి బేస్, అంటే కింది స్థాయి బరువైన శబ్దం, సరిగా అందదు, అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో ఫ్లెచర్, మన్సన్ అనేవాళ్లు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీసి చూపించారు. మీరు వినేది రాత్రి, పిల్లలు పడుకున్నాక, తగ్గించి. ఆయన వినిపించింది మేడ మీద తలుపులు వేసి, పెంచి. ఇలా పోలిస్తే మీ సెట్ ఎలా గెలుస్తుంది?

మీ గది కూడా నాకు కళ్లకు కట్టినట్టే ఉంది. మన జిల్లాలో ఇళ్లన్నీ దాదాపు ఒక తీరే కదా, కింద నల్ల కడప బండ, చుట్టూ సున్నం గోడలు, గోడలో బండ అలమరలు, ఒక పక్క ఇనుప బీరువా, పైన ఫుల్ స్పీడులో ఫ్యాను. పాలిష్ పట్టిన బండ తన మీద పడిన శబ్దంలో నూటికి ఒకటి రెండు వంతులే పీల్చుకుంటుంది, మిగతాదంతా తిరిగి గదిలోకే విసురుతుంది. స్పీకరు నుంచి నేరుగా వచ్చిన పాట, నేల నుంచి, గోడల నుంచి కొట్టుకొచ్చిన పాట, అన్నీ కాస్త వెనకా ముందుగా చెవిలో పడతాయి, తంబురాలాంటి సన్నటి శబ్దం ఆ గజిబిజిలో మునిగిపోతుంది. గోడల మధ్య దూరం కూడా తన పని తాను చేస్తుంది. ఎదురెదురు గోడల మధ్య 10 అడుగులుంటే సుమారు 56 హెర్ట్జ్ (సెకనుకు 56 కంపనాలు) దగ్గర, 12 అడుగులుంటే 47 దగ్గర శబ్దం గదిలోనే ఊగుతూ నిలబడిపోతుంది, అందుకే బేస్ గిటారులో ఒక స్వరం భోరుమని మోగుతుంది, పక్క స్వరం అసలు వినపడదు. స్పీకరును మూలకు నెట్టినా, బండ అలమరలో దూర్చినా ఇది ఇంకా ఎక్కువవుతుంది. ఇక ఫ్యాను. మే నెల ఎండల్లో ఫ్యాను ఆపమని ప్రొద్దుటూరులో ఎవరికి చెప్పగలం, కానీ గాయని ఊపిరి శబ్దాన్ని మింగేస్తున్నది చాలావరకు ఆ ఫ్యానే.

కాబట్టి పైసా ఖర్చు లేకుండా ముందు ఇవి చేయండి. స్పీకర్లను అలమర నుంచి దించి గట్టి స్టూళ్ల మీద పెట్టండి, వెనక గోడకు ఒకటిన్నర రెండడుగుల దూరంలో, ఆ పెట్టెలో పైనున్న చిన్న స్పీకరు కూర్చున్నప్పుడు మీ చెవి ఎత్తుకు వచ్చేట్టు. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరముందో మీకూ ఒక్కో స్పీకరుకూ మధ్య దాదాపు అంతే ఉండాలి. మీకూ స్పీకర్లకూ మధ్య నేల మీద మందపాటి బొంత పరవండి, పలుచటి జంపఖానా అయితే మరీ పై శబ్దాలనే కాస్త ఆపుతుంది, అంతకుమించి పని చేయదు. బట్టల షాపు మీదే కాబట్టి ఒక మాట, మీరు కూర్చునే చోటికి వెనక గోడ దగ్గర బట్టల మూటలు పేర్చి ఒకరోజు విని చూడండి, తేడా మీకే తెలుస్తుంది. హార్వర్డ్‌లో సబీన్ అనే ఆచార్యుడు 1890లలో ఇలాగే ఒక థియేటరు నుంచి సీట్ల మెత్తలు మోయించుకొచ్చి, ప్రతిధ్వనితో మాటే అర్థం కాని ఒక ఉపన్యాస హాలులో పరిచి చూశాడు, గదిలో శబ్దాన్ని లెక్కగట్టే శాస్త్రం అక్కడే మొదలైంది. వినడం తెల్లవారుజామున, ఫ్యాను ఒకటో నంబరులో పెట్టుకుని. బావమరిది ఇంట్లో విన్న పాటే వినండి.

అప్పుడు మీకొకటి అర్థమవుతుంది, నేను దీన్ని చాలా గట్టిగా నమ్ముతాను. ఆ తంబురా మీ సెట్‌లోనూ ఉంది. ఇన్నేళ్లూ ఉంది, మీరు దాన్ని వెతకలేదంతే. అది ఎక్కడుందో ఒకసారి తెలిశాక చెవి దాన్ని పట్టుకుంటుంది, సన్నగానైనా. మంచి సెట్ వినడం వల్ల మీకు జరిగిన మేలు ఇది, నష్టాన్నే చూసుకుంటూ దీన్ని వదులుకోకండి. వీలైనప్పుడల్లా అనంతపురం పోయి విని రండి కూడా. వచ్చి మీ పాటలో మళ్లీ కొత్తవి వెతుక్కోండి.

ఇవన్నీ చేసి, రెండు మూడు నెలలు రోజూ విన్నాక కూడా ఫలానా లోటు ఉందని మీరు వేలు పెట్టి చూపించగలిగితే, ఉదాహరణకు మగ గొంతు కింది స్థాయిలో పలుచబడుతోందనో, సౌండు పెంచితే కీచుమంటోందనో, అప్పుడది నిజమైన లోటే. అప్పుడు స్పీకర్లు మాత్రం మార్చండి, ఆంప్లిఫైయరు ఉంచుకోండి. వాట్ల లెక్కకు భయపడొద్దు, 100 వాట్లు 200 అయితే పెరిగేది 3 డెసిబెళ్లే, చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్లు కావాలి, అంటే వాట్లు పది రెట్లు కావాలి. కొనేముందు అమ్మేవాళ్లను ఒప్పించి మీ ఇంట్లో, మీ గదిలో, మీ పాటలతో వినండి. ఒప్పుకోకపోతే అక్కడ కొనకండి. అప్పు మాత్రం చేయొద్దు. రాత్రి నిద్ర కోసం వినే పాటకు నెల నెలా వాయిదా కట్టాల్సి వస్తే ఆ నిద్ర కూడా పోతుంది.

ప్రశ్న: మా ఆయన ఆఫీసులో ఒకాయన ఇంట్లో హోమ్ థియేటర్ చూసొచ్చారు. అప్పటి నుంచి మా టీవీ సౌండు వినలేకపోతున్నానంటూ రోజూ ఒకటే గొడవ. వాయిదాల్లో తీసుకుందామంటున్నారు. మాది 11 అడుగుల హాలు. కాదంటే అలుగుతారేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక గృహిణి, అనంతపురం

జవాబు: అలిగినా ఫర్వాలేదు అమ్మా, ఒక్క నెల గడువు అడగండి. అడ్డం చెప్తున్నట్టు కాకుండా, "నెల తర్వాత కూడా ఇంతే అనిపిస్తే కలిసి వెళ్దాం" అని. చూసొచ్చిన వేడిలో ఉన్న మనిషికి లెక్కలు చెప్తే ఎక్కవు, నెల గడిస్తే ఆ వేడి దానంతట అదే దిగుతుంది. అప్పటికీ తగ్గకపోతే ఆయన కోరికలో నిజముంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకండి. టీవీలు సన్నబడేకొద్దీ వాటి స్పీకర్లూ చిన్నవైపోయాయి, కింది వైపుకో వెనక వైపుకో తిరిగి ఉంటాయి, మాటలు సరిగా వినపడవనే ఫిర్యాదు న్యాయమైనదే. కానీ 11 అడుగుల హాలులో హోమ్ థియేటర్‌తో వచ్చే వెనక స్పీకర్లు మీ సోఫాకు ఆనుకునే ఉంటాయి, వాటితో ఆయన అక్కడ విన్నది ఇక్కడ రాదు. ముందర రెండు మంచి స్టీరియో స్పీకర్లు చాలు.

ప్రశ్న: రిటైరైన టీచరును. మా అబ్బాయి ఖరీదైన సౌండ్‌బార్ కొనిపెట్టాడు. అందరూ బ్రహ్మాండం అంటారు. నాకేమో పాత రేడియోలో ఆకాశవాణి కడప కేంద్రం వింటేనే తృప్తి. నా చెవిలో ఏమైనా లోపమా?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: తృప్తి లోపం కాదు మాస్టారూ. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్లకు 9 కిలోహెర్ట్జ్ ఎడం ఇస్తారు, అందుకే ఆ రేడియోలో సుమారు నాలుగున్నర కిలోహెర్ట్జ్ దాకానే శబ్దం వస్తుంది. సీడీలో ఉన్నది 20 కిలోహెర్ట్జ్ దాకా. అయినా మనిషి గొంతులో, నాదస్వరంలో మనసుకు పట్టేదంతా చాలావరకు ఆ నాలుగున్నరలోపే ఉంది, మీ తరం సంగీతం నేర్చుకున్నదీ ఆ రేడియోలోనే. పాత ఘంటసాల పాటల రికార్డింగులు కూడా ఎక్కువ భాగం మోనోనే, అంటే కుడి ఎడమలకు వేరువేరు శబ్దం లేనివే, సౌండ్‌బార్ వాటికి కొత్తగా వెడల్పు తేలేదు. మీకు నచ్చింది మీరు వినండి, అబ్బాయి కొన్నది సినిమాలకు వాడుకోండి.

ఒక్క విషయం మాత్రం చూసుకోండి. వయసు పెరిగేకొద్దీ పై శబ్దాలు ముందు తగ్గుతాయి, స, శ, త లాంటి అక్షరాలు ఒకదానికొకటి కలిసిపోతాయి. ఇంట్లో మనవళ్ల మాట రెండోసారి అడగాల్సి వస్తోందంటే కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చెవి విభాగానికి వెళ్లి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించుకోండి. మామూలుగా 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో చెవికీ విడిగా పరీక్షిస్తారు, నొప్పి ఏమీ ఉండదు. ఆ కాగితం చేతికొచ్చాక నాకు రాయండి, సౌండ్‌బార్‌లో మాటలు స్పష్టంగా వినపడే సెట్టింగు ఏది పెట్టుకోవాలో చెప్తాను.