ఉంగరం కొనేముందు తిరగేసి చూడరా

ఒరేయ్ చిన్నా,

నిశ్చితార్థానికని నువ్వు వాట్సాప్‌లో పంపిన నాలుగు ఉంగరాల ఫోటోలూ చూశాను, నాలుగూ పైనుంచి తీసినవే. ముప్పై అయిదేళ్ళు బెజవాడ వన్‌టౌన్‌లో కంసాలి కుంపటి ముందు కూర్చున్నవాణ్ణి, ఉంగరం చేతికిస్తే నేను రాయి చూడను, తిరగేసి అరచేతివైపు ఎంత మందం ఉందో చూస్తాను, ఎందుకంటే అరిగేది అక్కడే. బండి హ్యాండిలు, బస్సు రాడ్డు, గిన్నెలు, అన్నీ రాసుకునేది అక్కడే, బరువు తగ్గించి రేటు చవగ్గా చూపించాలంటే షాపువాడు సన్నం చేసేదీ అక్కడే.

ఇది నాకెలా తెలుసంటే నేనే చేశా ఆ వెధవ పని. మా పెళ్ళికి మీ పిన్నికి నా చేత్తో ఉంగరం చేశాను, 2 గ్రాములే ఉంది చేతిలో, అయినా కెంపు పెట్టాలని సరదా, దాంతో పైన డాబుగా వచ్చింది, కింద మాత్రం తీగలా వచ్చింది. కింద సన్నగా ఉంటే ఏమవుతుందంటే చెయ్యి బిగించినప్పుడల్లా ఉంగరం కొంచెం కొంచెం వంగుతుంది, అది వంగితే పైన రాయిని పట్టుకున్న కాళ్ళు, షాపుల్లో ప్రాంగ్స్ అంటారే అవి, తెరుచుకుంటాయి. చీర దారాలు తగులుకుంటున్నాయండీ అని మీ పిన్ని రెండుసార్లు చెప్పింది, చూద్దాంలే అన్నా. ఆ ఎండాకాలం ఆవకాయ కలుపుతుంటే రాయి ఊడింది. ఎర్ర రాయి, గుంటూరు కారం, ఇంక ఏం వెతుకుతాం! ఆ ఏడాది జాడీ తీసినప్పుడల్లా చుట్టాలకి పళ్ళు జాగ్రత్త అని చెప్పి వడ్డించాం, ఆ కెంపు ఎవరి కడుపులోకి పోయిందో ఇప్పటికీ తెలీదు. తర్వాత దాన్ని కరిగించి, ఇంకో 2 గ్రాములు కలిపి, రాయి లేకుండా సాదా కడ్డీ ఉంగరం చేసిచ్చా. అది ఇప్పటికీ వేలికుంది.

మీ నానమ్మ గొడవ గురించి అడిగావు కదా, మనకి తాళీ మెట్టెలూ గానీ ఈ ఉంగరాలు మార్చుకోడం ఎక్కడిదీ అని. ఆవిడ చెప్పింది సగం నిజం. పెళ్ళికూతురికి ప్రధానపు ఉంగరం పెట్టడం మనకీ ఉంది, పెళ్ళయ్యాక బిందెలో ఉంగరం వేసి ఇద్దరి చేత తీయించడం ఉండనే ఉంది, హనుమంతుడు లంకకి పట్టుకెళ్ళిందీ ఉంగరమే. దుష్యంతుడిచ్చిన ఉంగరం శకుంతల వేలినుంచి నీళ్ళలో జారిపోయిందంటే నాకైతే సైజు వదులే అనిపిస్తుంది. పూజలో దర్భ పవిత్రం పెట్టేది కూడా ఆ ఉంగరపు వేలికే కదా. కానీ పెళ్ళి గుర్తుగా ఒకే రకం ఉంగరం ఇద్దరూ పెట్టుకుని జీవితాంతం తీయకుండా ఉండటం మాత్రం పడమటి దేశాల నుంచి వచ్చిందే. రోమ్‌లో 2 వేల ఏళ్ళ కిందట పెళ్ళి కుదిరిన పిల్లకి ఇనుప ఉంగరం పంపేవాళ్ళు, రాయి కూడా ఉండదు, ప్లినీ అని ఒకాయన రాసిపెట్టాడు. ఉంగరపు వేలినుంచి తిన్నగా గుండెకి నరం పోతుందన్నదీ ఆ కాలం మాటే, అన్ని వేళ్ళకీ ఒకేలాంటి నరాలేరా బాబూ. నా దగ్గర ఎక్కువకాలం నిలిచిన ఉంగరాలంటే గుంటూరు నుంచి వచ్చే క్రిస్టియన్ కుటుంబాలు చేయించుకున్నవే, సాదావి, లోపల పేరూ తేదీ చెక్కించి, అంతే.

వజ్రం కావాలంటే వద్దనను. 1720ల్లో బ్రెజిల్లో దొరికేదాకా ప్రపంచానికి వజ్రాలంటే దాదాపు మన దేశానివే, అందులో పేరుమోసిన కొల్లూరు గని మన కృష్ణ ఒడ్డునే, ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. అయితే పెళ్ళంటే వజ్రపుటుంగరం ఉండాల్సిందే అన్న పట్టుదల మనది కాదు, 1947లో అమెరికాలో డీ బీర్స్ అనే వజ్రాల కంపెనీకి యాడ్స్ రాసే ఒకావిడ వజ్రం శాశ్వతం అని ఒక లైను రాసింది, అక్కణ్ణుంచి బాగా ఊపందుకుంది. వజ్రం శాశ్వతమే, దాన్ని పట్టుకున్న బంగారం కాదుగా. అందుకే రాయి పెట్టిస్తే 18 క్యారెట్లలో పెట్టించు, 22 మెత్తన, కాళ్ళు వంగుతాయి. కాళ్ళకంటే రాయి చుట్టూ గోడలా బంగారం కట్టి పొదిగింది ఇంకా నయం, మెరుపు కాస్త తగ్గుతుంది, కానీ దేనికీ తగులుకోదు. రోజూ పెట్టుకునే దానికి ముత్యం, పగడం వద్దు, మెత్తటివి, గీతలు పడతాయి. ల్యాబ్‌లో తయారుచేసిన వజ్రం కూడా వజ్రమే, తిరిగి అమ్మితే ఏదో వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకు.

సాదాదైతే 22 క్యారెట్లే చేయించు. కింద 1.5 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, అంటే అమ్మాయికి 4 గ్రాములు, నీకు 6, 7 గ్రాములు, కాసుకి కొంచెం తక్కువ. రేటు చూసి గుండె గుభేల్మంటుంది, తెలుసు, వెడల్పు తగ్గించుకో గానీ మందం తగ్గించకు. నువ్వు పంపిన ఆ నల్ల టంగ్‌స్టన్ ఉంగరం వద్దు నాన్నా, సైజు మార్చలేం, వేలు వాచిపోతే బంగారమైతే కత్తిరించి తీస్తారు, అది పట్టకారుతో పగలగొట్టాల్సిందే. వైట్ గోల్డ్ మీద ఉండేది రోడియం అనే తెల్ల లోహపు పూత, అరిగి పసుపు తేలితే మళ్ళీ పూత వేయించుకోవాలి.

బిల్లులో మొత్తం బరువు వేరే, రాయి తీసేసిన బంగారం బరువు వేరే రాయించుకో, తరుగు, మజూరీ ఎంతో విడిగా అడుగు. 22 క్యారెట్లయితే 916 అని ముద్ర ఉంటుంది, దాని పక్కన అక్షరాలూ అంకెలూ కలిపి 6 ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకి మాత్రమే ఇచ్చే నంబరు, ఉంటుంది, 2023 ఏప్రిల్ నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అక్కడే చూసుకో, మొహమాటపడకు. కేడీఎం అని ఎవరైనా గొప్పగా చెబితే నవ్వి ఊరుకో, అది కాడ్మియం కలిపిన టంకం పేరు, బంగారం మేలిమితో దానికి సంబంధం లేదు, ఆ పొగ పీల్చిన మా బోటివాళ్ళకే తెలుసు దాని సంగతి.

ఇంక సైజు. హైదరాబాద్‌లో ఆఫీసు ఏసీలో కొలిచి పంపకు, చలికి వేళ్ళు సన్నబడతాయి, ఆ కొలతతో చేస్తే బెజవాడ ఎండల్లో వేలికి బిగుసుకుపోతుంది. కణుపు దగ్గర కాస్త పట్టి, దాటాక వేలి మీద తిరగాలి. శ్రావణంలో నిశ్చితార్థం అంటున్నావు కాబట్టి ఈ నెల్లోనే ఓ ఆదివారం అమ్మాయిని తీసుకుని రా, సాయంత్రం నాలుగు దాటాక రండి. ఏసీ కారు దిగగానే కొలవను, మీ పిన్ని ఇచ్చే టీ తాగి ఓ అరగంట కూర్చున్నాక కొలుస్తా.

మీ బాబాయ్