ఆగస్టులో శ్రీలంక, 8 రాత్రులు, వెంట పెద్దవాళ్లు: ఆ ‘రామాయణ ప్యాకేజీ’ తీసుకోవచ్చా?

మీరడిగింది ఇదీ: అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలతో ఆగస్టులో 8 రాత్రులు. ఏజెంటు ఇచ్చిన ప్లాను కొలంబో, మున్నేశ్వరం, ట్రింకోమలీ, కాండీ, నువర ఎలియ, ఎల్లా, బెంటోట. తీసుకోవాలా, సొంతంగా వేసుకోవాలా అని. తీసుకోవద్దు. రేటు గురించి కాదు నేననేది. ఆ ప్లాను రాసినవాళ్లు క్యాలెండరూ చూడలేదు, రోడ్డూ చూడలేదు.

శ్రీలంకకి రెండు వర్షాకాలాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి పడమర తీరాన్నీ కొండల్నీ తడుపుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలి ఉత్తరం, తూర్పు వైపు కురుస్తుంది. మధ్యలో కొండలు అడ్డం ఉండబట్టి ఒక పక్క కుండపోతగా ఉంటే ఇంకో పక్క ఎండ కాస్తుంటుంది. ఆగస్టులో బెంటోట సముద్రం దిగనివ్వదు, ఒడ్డున ఎర్రజెండాలు ఉంటాయి. అదే నెలలో ట్రింకోమలీ దగ్గర ఉప్పువెలి, నీలావెలి బీచుల్లో నీళ్లు చెరువులా ఉంటాయి. బెంటోట ఫొటోలు జనవరిలో తీసినవి, అమ్మేది ఆగస్టులో. అంతే.

ఇక రోడ్డు. కాండీ నుంచి ఎల్లా 140 కిలోమీటర్ల లోపే కదా అనుకుంటారు. మన హైవే మీదైతే టిఫిన్‌కి ఆగినా మూడు గంటలు పట్టదు. అక్కడ కొండ మలుపుల్లో, ముందు బస్సు, వెనక లారీతో అయిదు గంటలు తేలిగ్గా పడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని, వాంతులయ్యే పిల్లల్ని అలా రోజూ వ్యాన్‌లో కుదేయడం యాత్ర కాదు, శిక్ష. ఏ రూటుకైనా గంటకి 35, కొండల్లో 30 కిలోమీటర్లు లెక్కేసుకోండి.

నేనైతే ఇలా వేస్తాను. మొదటి రాత్రి నెగొంబో. విమానాశ్రయం కటునాయకలో ఉంది, కొలంబోకి ఉత్తరాన 30 కిలోమీటర్లు. అక్కణ్నుంచి కొలంబోలోకి దిగి మళ్లీ అదే దారిన పైకి రావడం దండగ. రెండో రోజు చిలాపం, పుత్తళం మీదుగా లంక పాత రాజధాని అనురాధపురం, 170 కిలోమీటర్లు, నాలుగు గంటల పైమాటే. మున్నేశ్వరం శివాలయం చిలాపం పక్కనే, అంటే దారిలోనే తగులుతుంది. అనురాధపురంలో ఒక రాత్రి, ట్రింకోమలీలో ఒకటి, హబరణలో మూడు, కాండీలో రెండు. మొత్తం 8. ఆఖరి రోజు కాండీ నుంచి విమానాశ్రయానికి మూడున్నర గంటలు పెట్టుకోండి.

హబరణ ఎందుకంటే అది నాలుగు రోడ్ల కూడలి. సిగిరియ బండ కోట, దంబుల్ల గుహాలయాలు, మిన్నేరియ ఏనుగుల అడవి, పొలొన్నరువ శిథిల నగరం అన్నీ గంట, గంటంపావు లోపు. మూడు రాత్రులు పెట్టె సర్దే పని ఉండదు. పెద్దవాళ్లకి గుడి ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

రామాయణం పోతుందేమోనని బెంగ పడకండి. అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం ‘లంకాయాం శాంకరీ దేవీ’ అని మొదలవుతుంది కదా, ఆ శాంకరీ దేవి గుడి ట్రింకోమలీలో కోనేశ్వరం శివాలయం పక్కనే ఉంది. పాత కోనేశ్వరం గుడిని 1620ల్లో పోర్చుగీసువాళ్లు కూలగొట్టారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. ఫ్రెడరిక్ కోట లోపలి నుంచి పైకి వెళ్లాలి, దారిలో జింకలు మనుషుల మధ్యే తిరుగుతుంటాయి. అనురాధపురం నుంచి వచ్చే రోడ్డులోనే కన్నియ వేడినీళ్ల బావులు వస్తాయి. చిన్న చదరపు బావులు ఏడు, ఒక్కోదానిలో వేడి ఒక్కోలా ఉంటుంది, రావణుడి కథ కూడా వాటికి ముడిపెట్టారు. బకెట్‌తో తోడి పోసుకోవడమే, పిల్లలకి ఇదే పెద్ద సరదా. ఇక మిగిలింది నువర ఎలియ దగ్గరి సీత అమ్మన్ గుడి. అమ్మగారు పట్టుబడితే కాండీ నుంచి ఒక రోజు కేటాయించండి. పోను 80 కిలోమీటర్లు, రాను 80, మొత్తం అయిదారు గంటలు వ్యాన్‌లోనే. వెళ్లేటప్పుడు రైల్లో నువర ఎలియకి దగ్గరి స్టేషన్ నాను ఓయ దాకా వెళ్తే కొంత నయం, డ్రైవర్ ఖాళీ వ్యాన్ తెచ్చి స్టేషన్ దగ్గర ఎక్కించుకుంటాడు. ఇది అక్కడ మామూలే. ఏసీ ఫస్ట్ క్లాసులో కిటికీలు తెరుచుకోవు, సెకండ్ క్లాస్ రిజర్వుడ్ తీసుకోండి. టికెట్లు 30 రోజుల ముందు తెరుస్తారు, చూస్తుండగానే అయిపోతాయి. వానలకి కొండచరియలు పడితే లైను మూసేస్తారు కాబట్టి బయల్దేరే ముందు రైలు నడుస్తోందో లేదో కనుక్కోండి.

అసలు ఆ ప్యాకేజీలో అనురాధపురం లేకపోవడమే నాకు మింగుడుపడలేదు. తెలుగువాళ్లు లంకకి వెళ్లి అది చూడకుండా రావడమేంటండీ! మహాసేనుడి రాజప్రాసాదం అని పిలిచే శిథిలం దగ్గర మెట్ల మొదట్లో నేల మీద ఒక అర్ధచంద్ర శిల ఉంటుంది. చుట్టూ చిన్న కంచె వేశారు, పక్కన వంగి చూడాలి. బయటి అంచున మంటలు. లోపలి వరుసలో ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు ఒకదాని వెనక ఒకటి పరిగెడుతుంటాయి. దాని లోపల మెలికలు తిరిగిన తీగ, ఆ తర్వాత ముక్కున తామర మొగ్గ పట్టుకున్న హంసలు, నడిమధ్య సగం తామరపువ్వు. పొద్దున్నే వెలుతురు ఏటవాలుగా పడ్డప్పుడు ఏనుగు కాళ్ల కండ కూడా తెలుస్తుంది, మధ్యాహ్నం చూస్తే బండే కనిపిస్తుంది. దీన్ని గుర్తుపెట్టుకుని పొలొన్నరువలో వటదాగె అనే గుండ్రటి కట్టడం మెట్ల దగ్గర చూడండి. జంతువులు వేరువేరు వరుసల్లోకి వెళ్లిపోయాయి, ఎద్దు మాయమైంది. చోళుల తర్వాత శైవం ప్రభావంతో నందిని తొక్కడం బాగుండదని తీసేశారని చెప్తారు, నాకూ అదే నిజమనిపిస్తుంది. కాండీకి వచ్చేసరికి శిల ఇంచుమించు త్రికోణమైపోయింది. ఇలాంటి అర్ధచంద్ర శిలలు మన నాగార్జునకొండ తవ్వకాల్లోనూ దొరికాయి. అక్కడ మూడో శతాబ్దపు శాసనంలో సింహళ విహారం అన్న పేరే ఉంది. ఆ రోజుల్లోనే రాకపోకలు అంత ఉండేవి.

అక్కడ స్తూపాల ఆవరణలో చెప్పులే కాదు, టోపీ కూడా తీయాలి. పది దాటితే రాతి పలకలు కాలిపోతుంటాయి, అందరికీ మందపాటి సాక్సులు రెండేసి జతలు పెట్టండి. దంబుల్ల గుహలకి కూడా ఇదే మాట. మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు, తెలుపైతే మంచిది. బుద్ధుడికి వీపు తిప్పి సెల్ఫీ తీసుకోకూడదు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి: చేతి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉందని 2014లో ఒక బ్రిటిష్ పర్యాటకురాల్ని దేశం నుంచి పంపించేశారు.

సిగిరియకి ఏడులోపే గేటు దగ్గర ఉండాలి. దాదాపు 1200 మెట్లు. పెద్దవాళ్లు కింద ఉద్యానాలూ మ్యూజియమూ చూసి కూర్చుంటే చాలు. బండ మీద కందిరీగల పట్లు ఉన్నాయి, పిల్లల్ని అరవొద్దని ముందే చెప్పండి. ఆ బోర్డులు ఊరికే పెట్టలేదు. చిత్రాల దగ్గర ఫొటోలు తీయనివ్వరు. ఇలాంటి చోట్ల సార్క్ దేశాలవాళ్లకి తక్కువ రేటు ఉంటుంది, అసలు పాస్‌పోర్టు చేతిలో పెట్టుకుని అడగండి. జెరాక్సు చూపిస్తే పూర్తి డాలర్ల రేటు కొట్టేస్తారు. మిన్నేరియకి మాత్రం మధ్యాహ్నం మూడింటికి జీపు ఎక్కండి. ఎండకి చెరువు తగ్గి ఒడ్డున గడ్డి మొలిచే కాలమిది, ఏనుగులు గుంపులు గుంపులుగా దిగుతాయి. ఈ ఒక్కదానికీ మీ ఆగస్టు సరిగ్గా కుదిరింది.

కాండీలో పెరహర, అంటే బుద్ధుడి దంత ధాతువు (పన్ను) ఏనుగుల ఊరేగింపు, తేదీలు ముందే చూసుకోండి. జులై, ఆగస్టుల్లో పది రాత్రులు జరిగి నికిణి పౌర్ణమితో ముగుస్తుంది. చివరి అయిదు రాత్రులు, అంటే రందోలి, రూమ్ రేట్లు తడిసి మోపెడవుతాయి. మధ్యాహ్నం నుంచే రోడ్లు మూసేస్తారు, వ్యాన్ ఊళ్లోకి రాదు. దంత ధాతువు ఊరేగింపే దేవతల గుళ్ల ఊరేగింపులకంటే ముందు నడవాలని పెట్టినవాడు కీర్తిశ్రీ రాజసింహుడు. 1739 నుంచి 1815 దాకా కాండీని ఏలిన నలుగురు రాజులూ మధురై నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలవాళ్లు. దంత ధాతువు గుడి ముందున్న చెరువు తవ్వించిన శ్రీవిక్రమ రాజసింహుణ్ని ఇంగ్లిషువాళ్లు వెల్లూరు కోటలో పెట్టారు, 1832లో అక్కడే పోయాడు. ఇంత దగ్గరి కథ ఒక్క గైడూ మనవాళ్లకి చెప్పడు. మసాలా తోట గురించి మాత్రం అరగంట చెప్తాడు.

ఆ తోటల సంగతీ వినండి. దంబుల్ల నుంచి కాండీ దారిలో మాతలె దగ్గర వరసగా ఉంటాయి. లోపలికి ఉచితం, తలకి నూనె రాస్తారు, బయటికొచ్చేటప్పుడు సీసాల లెక్క వేల లంక రూపాయల్లో ఉంటుంది. డ్రైవర్‌కి కమిషన్ ఉంటుంది కాబట్టి మొదటి రోజే మర్యాదగా ‘తోటలు, రత్నాల షాపులు వద్దు’ అని చెప్పి, ఆ గంట అక్కడే ఆలువిహార గుహాలయంలో గడపండి. బౌద్ధ గ్రంథాలైన త్రిపిటకాలు మొదటిసారి రాత రూపంలోకి వచ్చింది అక్కడేనంటారు.

శాకాహారులైతే ఒక్క జాగ్రత్త. పప్పులో, సంబోల్ అనే కొబ్బరి పచ్చడిలో ఎండుచేప పొడి వేస్తారు, చూస్తే కనపడదు. ‘ఉంబలకడ వద్దు’ అని ముందే చెప్పండి, లేదా తమిళుల సైవ (శాకాహార) హోటల్ వెతకండి. చిన్న హోటళ్లలో అడక్కుండానే రొట్టెలు, వడలు ఉన్న పళ్లెం తెచ్చి బల్ల మీద పెడతారు. కంగారు పడొద్దు, తిన్నవాటికే డబ్బు తీసుకుంటారు. పౌర్ణమి రోజు మాంసం, మందు అమ్మరు. మీ నాన్నగారికి ఇబ్బందైతే ఇప్పుడే చెప్పండి.

ఈటీఏ (ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) అధికారిక సైట్‌లోనే చేయండి, అచ్చం అలాగే కనిపించి రెట్టింపు గుంజే సైట్లు చాలా ఉన్నాయి. రుసుము నియమాలు తరచూ మారుతున్నాయి, టికెట్ కొనేముందు ఒకసారి చూడండి. యూపీఐ కొన్ని షాపుల్లో పనిచేస్తుంది, జీపుల దగ్గరా ఆటోల దగ్గరా మాత్రం నగదే. వ్యాన్ మాట్లాడేటప్పుడు డ్రైవర్ పడకా భోజనం రేటులో కలిసున్నాయా, రోజుకి ఎన్ని కిలోమీటర్లు, దాటితే ఎంత అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి.