హేవ్‌లాక్‌కు ఫెర్రీలో ఒక్కరోజులో పోయి రావచ్చా? పెద్దవాళ్లకు పడవ పడుతుందా?

అండమాన్‌కు నాలుగు రోజులు పోతున్నామని, అందులో ఒకరోజు పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫెర్రీలో హేవ్‌లాక్ దీవి చూసుకుని సాయంత్రానికి తిరిగి రావచ్చా అని అడిగారు. అరవై దాటిన అమ్మకు పడవ పడుతుందా అని కూడా అడిగారు. పోయి రావచ్చు. కానీ నేనైతే వద్దనే చెప్తాను.

మాది మిర్యాలగూడ. రెండేళ్ల కింద నవంబరు చివర్లో నేను, మా ఆవిడ, ఏడేళ్ల బాబు, మా అమ్మ పోయాం. అమ్మ అప్పటిదాకా ఎక్కిన పడవ ఒక్కటే, సాగర్‌లో నాగార్జునకొండకు పోయే లాంచీ. సముద్రం అనగానే "మన సాగర్ అంత ఉంటదా?" అని అడిగిన మనిషి.

ముందు ఒక్కరోజు లెక్క చూడండి. స్పీడు ఫెర్రీకి పోను గంటన్నర నుంచి రెండు గంటలు, రాను అంతే. గంట ముందే జెట్టీకి చేరుకోవాలి, ఐడీ కార్డులు చూస్తారు, సామాను స్కానింగ్ ఉంటుంది. హేవ్‌లాక్‌లో దిగేది గోవింద్ నగర్ వైపు. అందరూ చూడాలనుకునే రాధానగర్ బీచ్ దీవికి అవతలి వైపు, దాదాపు పన్నెండు కిలోమీటర్లు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. గడియారంలో టైం మనదే అయినా అండమాన్ తూర్పున చాలా దూరం కాబట్టి నవంబరులో సాయంత్రం ఐదు కాకముందే పొద్దుగుంకుతుంది. రాధానగర్‌లో చూడాల్సింది ఆ పొద్దుగుంకడమే. ఒక్కరోజులో పోతే సరిగ్గా ఆ టైంకి మీరు జెట్టీ దగ్గర లైన్‌లో ఉంటారు. అందుకే కనీసం రెండు రాత్రులు అక్కడ పడుకోండి. ఆ దీవిలో పెద్దగా చేసే పని కూడా ఏమీ లేదు, పోయేదే దానికోసం. మా అమ్మ రాధానగర్‌లో చెట్ల కింద ఇసుకలో కాళ్లు చాపుకుని రెండు గంటలు ఉలకలేదు పలకలేదు. ఇంట్లో పది నిమిషాలు కుదురుగా కూర్చోని మనిషి.

టికెట్ బుక్ చేసేటప్పుడు పేర్లతో తికమక పడకండి. హేవ్‌లాక్‌కు 2018లో స్వరాజ్ ద్వీప్ అని, దగ్గర్లోని నీల్ దీవికి శహీద్ ద్వీప్ అని పేరు మార్చారు. పోర్ట్ బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయపురం. ఆటోవాళ్లు మాత్రం ఇంకా పాత పేర్లే అంటారు. మమ్మల్ని జెట్టీకి తీసుకుపోయిన ఆటో ఆయన వాళ్ల తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డ కుటుంబం. మా మాట వినగానే తెలుగులోకి దిగాడు, అమ్మకు సగం టెన్షన్ అక్కడే పోయింది. హేవ్‌లాక్‌లో మాత్రం ఎక్కువగా బెంగాలీలు. అన్నం, పప్పు, చేపల కూరకు ఏ లోటూ లేదు.

ఫెర్రీల్లో రెండు రకాలు. ప్రభుత్వ నౌకలు చాలా చవక, రెండున్నర గంటల దాకా పడుతుంది, కానీ టికెట్లు దొరకడం కష్టం. మక్రూజ్, నాటికా, గ్రీన్ ఓషన్ లాంటివి ప్రైవేటువి. మేం పోయినప్పుడు మనిషికి పదిహేను వందల పైచిలుకు అయింది. చాలావాటిలో లోపల ఏసీ, విమానంలో లాంటి సీట్లు. సాగర్ లాంచీలో లాగా గాలి తగిలేలా అంచున కూర్చుని పోతామనుకుంటే మాత్రం నిరాశే. అద్దాల మీద ఉప్పు నీళ్లు ఎండి తెల్లగా పొరకట్టి ఉంటాయి, బయటిది సగమే కనిపిస్తుంది.

ఇక మీ అసలు భయం, వాంతుల సంగతి. మేం చేసిన తప్పు, అమ్మ ముచ్చట పడుతోందని ముందు వరుసలో కూర్చోబెట్టాం. జెట్టీ దాటిన పావుగంట బాగానే ఉంది. పెద్ద నీళ్లలోకి రాగానే పడవ ముందు భాగం లేచి దబ్బున పడటం మొదలైంది. "కడుపుల దేవినట్టు అయితుంది బిడ్డా" అంది. వాళ్లిచ్చిన కవరు పక్కనపెట్టి, కొంగు ముడి విప్పి నిమ్మకాయ తీసింది. నకిరేకల్ మార్కెట్ కాయలు, ఇంటి నుంచే మూటకట్టుకుని వచ్చిందట, మాకెవరికీ చెప్పలేదు. గోటితో తొక్క గీరి వాసన చూసుకుంటూ కళ్లు మూసుకుంది. పక్క సీటు ఆవిడ కూడా ఒకటి అడిగి తీసుకుంది. తిరుగు ప్రయాణంలో కింది డెక్‌లో మధ్య వరుసలో కూర్చోబెట్టాం, ఎక్కడానికి అరగంట ముందు అవోమిన్ వేశాం, అసలు ఇబ్బందే లేదు. మీ అమ్మగారికి బీపీ, షుగర్ మందులుంటే ఈ మాత్ర గురించి ఇక్కడే డాక్టర్‌ను అడిగి బయలుదేరండి. ఖాళీ కడుపుతో ఎక్కించొద్దు, పూరీలు దట్టించి కూడా ఎక్కించొద్దు. రెండు ఇడ్లీలు చాలు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, మాకు డబ్బు ఖర్చయి తెలిసింది. మా ప్లాన్ వేసిన ఏజెంటు చివరిరోజు పొద్దున హేవ్‌లాక్ నుంచి ఫెర్రీ, మధ్యాహ్నం హైదరాబాద్ ఫ్లైట్ పెట్టాడు. కాగితం మీద చక్కగా కుదిరింది. ఆ పొద్దున ఏడింటికి జెట్టీకి పోతే గేటు మూసి ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం, ఫెర్రీలు బంద్. కంపెనీ ఫోను ఎత్తదు, కౌంటర్‌లో కుర్రాడు "రేపు చూడాలి సార్" తప్ప ఇంకో మాట అనడు. ఫెర్రీ డబ్బులు తర్వాత వాపసు వచ్చాయి. నాలుగు ఫ్లైట్ టికెట్లు మాత్రం గంగలో కలిశాయి, అవి మాకు సంబంధం లేదన్నారు. నేను జెట్టీ మెట్ల మీద ఫోన్ పట్టుకుని కస్సుబుస్సుమంటుంటే అమ్మ, "నీళ్లకు కోపమొస్తే కౌంటర్ల పిలగాడు ఏంజేస్తడు, పోయి పండుకుందాం పా" అంది.

కాబట్టి హేవ్‌లాక్ ముందు పెట్టుకోండి, పోర్ట్ బ్లెయిర్ చివర్లో. దీవి నుంచి వచ్చిన తర్వాత ఒక రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో పడుకుని మర్నాడు ఫ్లైట్ ఎక్కండి. సెల్యులార్ జైలు ఆ మిగిలిన పూటలో చూసుకోవచ్చు. మీ నాలుగు రోజుల్లో నీల్ కూడా ఇరికించాలని చూడకండి. సముద్రంలో అలలు ఎక్కువగా ఉండే జూన్ నుంచి సెప్టెంబరు వరకు అయితే అసలు పెద్దవాళ్లతో పోవద్దు.

రెండు చిన్న విషయాలు. హేవ్‌లాక్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, కొంత నగదు దగ్గర ఉంచుకోండి. గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకుని తేవొద్దు. మా బాబు జేబులో ఒక తెల్ల పగడపు ముక్క ఎయిర్‌పోర్టులో దొరికింది, వాడు ఏడుస్తూనే తీసి ఇచ్చాడు.

అమ్మగారు ఎక్కేటప్పుడు దిగేటప్పుడు జాగ్రత్త. జెట్టీకీ పడవకూ మధ్య వేసే పలక అలతో పాటు పైకీ కిందికీ ఊగుతుంది. ఇటొకరు అటొకరు సిబ్బంది చెయ్యి పట్టుకుంటారు, వాళ్లు "ఇప్పుడు" అన్నప్పుడే అడుగు వేయమనండి. చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోమని ముందే చెప్పండి, మా అమ్మకు కుచ్చిళ్లే కాలికింద పడ్డాయి.