సిమ్యులేటర్ క్వాలిటీలో చేరిన మా అమ్మాయికి

పలాస

తల్లీ,

హైదరాబాద్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ (పైలట్లు నేల మీదే విమానం నడపడం నేర్చుకునే మిషన్) సెంటర్లో క్వాలిటీ ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. నేను తల నెరిపించుకున్నది ఆ పనిలోనే కాబట్టి రెండు మాటలు రాస్తున్నాను.

చేరిన రోజే స్నాగ్‌లు, అంటే మిషన్‌లో కనబడ్డ లోపాలు, రాసే లాగ్ బుక్ అడుగు. ఎక్కువ రాసిన పేజీలు తర్వాత, ఏమీ రాయని పేజీలు ముందు చూడు. నేను పనిచేసిన ఒకచోట పదకొండు రోజులు వరసగా "నిల్" అని ఉంది. పగలూ రాత్రీ తిరిగే మిషన్‌కి పదకొండు రోజులు చిన్న నలత కూడా రాలేదా? నమ్మకం కలగలేదు. రాత్రి రెండింటి సెషన్‌కి వెళ్లి వెనక సీట్లో కూర్చున్నాను. కుడి సీటు కుర్రాడు బ్రేక్ పెడల్‌ని కాలు బిగించి తొక్కుతున్నాడు. "దీనికి కొంచెం గట్టిగా తొక్కాలి, అలవాటైపోతుందిలే" అన్నారు ఇన్‌స్ట్రక్టర్. నా గుండె ఝల్లుమంది. రేపు ఆ అలవాటుతోనే కదా వాడు అసలు విమానం ఎక్కేది!

ఆరా తీస్తే, స్నాగ్ రాసినవాళ్లనే "సెషన్ ఎందుకు పాడుచేశావు" అని అడిగేవారట. మేనేజర్‌తో మాట్లాడి అది మాన్పించాను. ఎవరు ఏది రాసినా దానికేం చేశామో మర్నాడు వాళ్లకే చెప్పేవాళ్లం. నెల తిరిగేసరికి పేజీలు నిండాయి. అన్ని స్నాగ్‌లు చూసి కొత్త మేనేజర్ కంగారుపడితే, అది మంచి కబురని నువ్వే నచ్చజెప్పాలి.

2001 నవంబర్ 12న న్యూయార్క్‌లో ఎయిర్‌బస్ ఏ300 కూలిన సంగతి చదువు. ముందు వెళ్లిన విమానం వదిలిన గాలి సుడి తగిలినప్పుడు కోపైలట్ రడ్డర్ పెడల్స్‌ని (తోక వెనక పలకని కుడి ఎడమలకి తిప్పేవి) అటూ ఇటూ బలంగా తొక్కాడు, తోక నిలువు రెక్క ఊడిపోయింది. విమానంలో 260 మంది, నేల మీద 5గురు పోయారు. రడ్డర్ డిజైన్‌తో పాటు ఆ పైలట్‌కి ఎయిర్‌లైన్ ఇచ్చిన శిక్షణ కూడా ఇందుకు తోడైందని దర్యాప్తులో తేల్చారు. సిమ్యులేటర్‌లో నేర్పిన తప్పు నిజం ఆకాశంలోకి వెళ్తుందమ్మా.

క్యూటీజీ పరీక్షల్లో, అంటే సిమ్యులేటర్ అసలు విమానంలాగే నడుస్తోందా అని చూసే పరీక్షల్లో, అసలు విమానం డేటా గీత మీద మన సిమ్యులేటర్ గీత పెట్టి చూస్తారు. టాలరెన్స్ (ఒప్పుకునే తేడా) లోపల ఉంటే పాస్. నువ్వు అక్కడితో ఆగకు. నిరుటి గీత, అటు ముందటేడు గీత కూడా తీసి పక్కపక్కన పెట్టు. గీత ఏటా కొంచెం కొంచెం అంచుకి జరుగుతుంటే, ఫెయిల్ అయ్యేదాకా కూర్చోకుండా ఇంజినీర్లకి చూపించు.

మా అమ్మ ఇక్కడి జీడి ఫ్యాక్టరీలో పప్పు ఏరేది. ఆమె ఏరిన బుట్టని ఇంకొకావిడ గుప్పెడు తీసి పరిచి చూసేది. ఎంత స్నేహమున్నా ఎవరి బుట్ట వాళ్లు చూసుకోకూడదు. నువ్వు కూడా నీ చేత్తో బాగుచేసినదాన్ని నువ్వే ఆడిట్ చేయకు.

కెప్టెన్లు వయసులో, అనుభవంలో పెద్దవాళ్లు. టెన్షన్ పడకు. "సార్, నిన్న మీ సెషన్‌లో ఏం ఇబ్బంది పెట్టింది?" అని టీ తాగేటప్పుడు అడుగు. ఆడిట్ గదిలో పెదవి విప్పనివాళ్లు అక్కడ చెప్తారు. విన్నది మర్చిపోకముందే రాసుకో, రాసింది వాళ్లకి ఒకసారి చూపించాకే పైకి పంపు.

మీ పెదనాన్న